వేసవి సెలవులకు బెంగళూరు వస్తున్న 14, 16 ఏళ్ల పిల్లల టీకాలు: అక్కడే వేయించి పంపాలా, ఇక్కడ వేయించాలా?

ఎడిసన్_శారద
మేము న్యూజెర్సీలో ఉంటాము. పాపకు ఇప్పుడు 14 ఏళ్లు, ఆగస్టు చివరి వారంలో 15 నిండుతాయి. బాబుకు 16. బడి మూసిన వెంటనే, జూన్ నెలాఖరులో, ఇద్దరూ జయనగర్‌లోని మా అత్తగారింటికి వస్తున్నారు. మాకు సెలవు దొరికేది జులై చివరన కాబట్టి మేము అప్పుడు వచ్చి, ఆగస్టు మూడో వారంలో అందరం కలిసి తిరిగి వెళతాము. మధ్యలో పిల్లలు కొన్నాళ్లు కోలారు జిల్లా ముళబాగిలు దగ్గర మామగారి ఊళ్లో కూడా ఉంటారు. ఇక్కడి ప్రయాణ టీకాల క్లినిక్ వారు రేబిస్, టైఫాయిడ్, జపనీస్ మెదడువాపు టీకాలకు ఇద్దరికీ కలిపి చెప్పిన మొత్తం ఒక విమానం టికెట్టు ధరను మించిపోయింది, ఇన్సూరెన్సు వీటికి పైసా ఇవ్వదు. పైగా పాపకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ఇంకా మొదలుపెట్టనే లేదు. అన్నీ బెంగళూరులోనే వేయిస్తే నాలుగో వంతు కూడా కాదని మా ఆడపడుచు అంటోంది. అక్కడ వేయించినవాటిని ఇక్కడి బడి, ఇక్కడి డాక్టరు ఒప్పుకుంటారా? తల్లిదండ్రులు పక్కన లేకుండా నానమ్మ తీసుకువెళితే వేస్తారా? ఆ కొద్ది వారాలలో ఏవి పూర్తవుతాయి, ఏవి సగంలో ఆగిపోతాయి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

హెచ్ఎస్ఆర్_హరి
మిగతావి తరువాత చూడవచ్చు గాని రేబిస్ సంగతి ముందు తేల్చుకోండి. మా వీధిలో రాత్రి పది దాటితే కుక్కలదే రాజ్యం. అమెరికా పిల్లలు కనబడిన ప్రతి కుక్కనూ ముద్దు చేయబోతారు, మన కుక్కలకేమో ఆ మర్యాదలు అలవాటు లేవు. మా అక్క పిల్లలకు ఇక్కడ వేయించినప్పుడు డోసుకు నాలుగు వందల రూపాయలకు అటూ ఇటూగా అయింది.

మల్లేశ్వరం_మామ్మ
సెలవులకు వచ్చే పిల్లలను మామిడిపండ్లతో ఎదుర్కోవాలి గాని సూదులతో కాదు. మా కాలంలో మశూచి టీకా ఒక్కటి వేసి వదిలేశారు, ఆ మచ్చ ఇప్పటికీ నా భుజం మీద ఉంది, నేనూ ఇక్కడే ఉన్నాను. నీళ్లు కాచి ఇస్తాము, దోమతెర కడతాము, కుక్కల దగ్గరకు పోనివ్వము. ఇవన్నీ చూసుకునే నానమ్మ ఇంట్లో ఉండగా ఇన్ని టీకాలు ఎందుకో నాకు బోధపడడం లేదు.

హెచ్ఎస్ఆర్_హరి
మామ్మగారూ, 16 ఏళ్ల కుర్రవాడిని "పోనివ్వము" అని ఆపగలిగిన నానమ్మ ఎవరైనా ఉంటే మా ఇంటికి కూడా ఒకసారి పంపండి.

తెల్లకోటు
నేను బెంగళూరులో పిల్లల వైద్యుడిని. పిల్లలను చూడకుండా చెప్పేది సలహాయే గాని చికిత్స కాదని ముందే మనవి చేస్తున్నాను. శారద గారు అన్ని టీకాలనూ ఒకే గాటన కట్టడం వల్లనే ఈ చిక్కంతా వచ్చింది. దేనికి దాన్నే విడిగా చూడాలి.

హెచ్‌పీవీ అమెరికాలో సాధారణ టీకాల జాబితాలో ఉంది, ఇన్సూరెన్సు ఉన్న కుటుంబానికి జేబు నుంచి ఏమీ పడదు. ఇక్కడ గార్డసిల్ 9 ఒక్క డోసే పది వేల రూపాయలు దాటుతుంది. సీరం సంస్థ 2023 జనవరిలో విడుదల చేసిన సెర్వావాక్ డోసు రెండు వేలు, అది నాలుగు రకాల వైరస్‌కే, అమెరికాలో దొరికేది తొమ్మిది రకాలకు. ఉచితంగా వచ్చేదానిని వదిలిపెట్టి ఇక్కడ కొనడంలో అర్థం లేదు. అయితే మీ పాప విషయంలో అసలు గడువు ప్రయాణం కాదు, పుట్టినరోజు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం పట్టిక ప్రకారం 15 నిండకముందు మొదటి డోసు పడితే మొత్తం రెండు డోసులు చాలు, నిండిన తరువాత మొదలుపెడితే మూడు కావాలి. ఆగస్టులో తిరిగి వెళ్లాక చూద్దామనుకుంటే ఆ వారం గడబిడలో తేదీ దాటిపోవచ్చు. విమానం ఎక్కేముందే మొదటిది వేయించండి, రెండోది ఆరు నెలలకు, అంటే డిసెంబరులో, అక్కడే వేయించండి. రెండింటికీ మధ్య ఎడం ఐదు నెలల కన్నా తక్కువైతే మూడో డోసు పెట్టవలసి వస్తుంది కాబట్టి తొందరపడి ఇక్కడ రెండోది వేయించకండి.

రేబిస్‌కు మాత్రం బెంగళూరే మేలు. ఇక్కడ ముందుజాగ్రత్తగా వేసేది 0 (అంటే మొదటి డోసు పడే రోజు), 7, 21 లేక 28 రోజులలో మూడు డోసులు. అమెరికాలో 2022 నుంచి 0, 7 రోజులలో రెండు డోసులే ఇస్తున్నారు, మూడేళ్లకు మించి రక్షణ కావాలంటే మూడోది కలుపుతారు. ఇక్కడ మూడూ పూర్తి చేసుకుంటే రెండు దేశాల పద్ధతికీ సరిపోతుంది, మీ పిల్లలు ఉండే కాలంలోనే అయిపోతుంది. టీకా ఉన్నా కరిస్తే ఆసుపత్రికి వెళ్లవలసిందే, 0, 3 రోజులలో రెండు డోసులు వేయించుకోవలసిందే. కాని గాయం చుట్టూ గుచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) అక్కరలేకుండా పోతుంది. ఊళ్లో, అర్ధరాత్రి, అది దొరుకుతుందో లేదో అన్న ఆందోళన ఉండదు. ముందుగా వేయించడంలో అసలు లాభం అదే.

ఎడిసన్_శారద
డాక్టర్ గారూ, పుట్టినరోజు లెక్క నాకు ఇక్కడ ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. వచ్చే వారమే పాపకు అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. టైఫాయిడ్ సంగతి కూడా చెప్పండి. నేను చిన్నప్పుడు విన్న మాత్రల టీకా కావాలని అడిగితే, దాని తయారీ ఆగిపోయింది, ఇంజెక్షన్ ఒక్కటే ఉందన్నారు.

తెల్లకోటు
అమెరికాలో ఉన్న ఇంజెక్షన్ పాత రకం, దాని రక్షణ రెండేళ్లు. ఇక్కడ వేసేది కాంజుగేట్ రకం, అంటే ప్రొటీన్‌తో జతచేసినది. హైదరాబాదు భారత్ బయోటెక్ వారి టైప్‌బార్ టీసీవీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత (నాణ్యత ఆమోదం) 2018 మొదట్లోనే ప్రకటించారు. ఒక్క డోసు, ఆరు నెలల పసివాళ్లకు కూడా పనికివస్తుంది, రక్షణ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆ రకం అమెరికాలో దొరకదు. అందువల్ల నా ఓటు ఇక్కడి టీకాకే.

ప్రశ్నార్థకం
డాక్టర్ గారి మాటను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతాను. టైఫాయిడ్ టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. పిల్లలు దిగిన రోజు సాయంత్రమే వీవీ పురం తిండి వీధికి పోతారు. టీకా వేయించిన మరునాడే పానీపూరి తింటే ఎంత మంచి టీకా అయినా ఏం లాభం? రేబిస్ కూడా అంతే, మొదటి రెండు వారాలు పిల్లలు ఉత్త చేతులతో ఉన్నట్టే. ఖర్చు తగ్గుతుందన్న ఒక్క కారణంతో అన్నిటినీ ఇక్కడికి వాయిదా వేస్తే, ప్రమాదం ఎక్కువగా ఉండే రోజులను వదిలేసి ఆ తరువాత కాపలా పెట్టినట్టవుతుంది.

ఫార్మసీ_పక్షి
ప్రశ్నార్థకం గారి మాటలో సగం నిజం ఉంది. నేను డాలస్‌లో ఫార్మసిస్టును. టైఫాయిడ్ ఇంజెక్షన్ ప్రయాణపు మూడు టీకాలలో అన్నిటికన్నా చవక, బయలుదేరే ముందు రెండు వారాలు మిగిలేటట్టు వేయించి పంపవచ్చు. రేబిస్, మెదడువాపు టీకాలే బిల్లును అంతగా పెంచేవి, ఒక్క రేబిస్ డోసే మూడు నాలుగు వందల డాలర్లు. కాబట్టి టైఫాయిడ్ అమెరికాలో, రేబిస్ బెంగళూరులో అని పంచుకుంటే డబ్బూ మిగులుతుంది, మొదటి రోజు పానీపూరికీ కొంత భరోసా ఉంటుంది. బాబుకు 16 నిండాయి కదా, మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా రెండో డోసు వేయించారా? 11, 12 ఏళ్లకు ఒకటి, 16కు ఒకటి అమెరికా పిల్లల వైద్యుల సంఘం పట్టికలో ఉన్నాయి, అదీ అక్కడ ఇన్సూరెన్సు మీదే వస్తుంది. హెపటైటిస్ ఎ అక్కడ పుట్టిన పిల్లలకు పసితనంలోనే వేసి ఉంటారు, రికార్డు ఒకసారి తిరగేయండి.

తెల్లకోటు
రెండేళ్లకొకసారి బెంగళూరు వచ్చే పిల్లలకు పాత రకం అంతగా నాకు రుచించదు గాని, దిగగానే బయటి తిండి తినే పిల్లలైతే ఫార్మసీ పక్షి గారి పంపకానికి నేను అడ్డు చెప్పను. ఏ టీకా అయినా టైఫాయిడ్‌ను పూర్తిగా ఆపదు, కాచిన నీళ్ల విషయంలో మామ్మగారిదే గెలుపు.

మల్లేశ్వరం_మామ్మ
ఇన్ని పోస్టుల తరువాత నాకు ఒక్క మార్కు దక్కింది. సంతోషం.

అడయార్_అత్త
చెన్నైలో మా ఇంట్లో జరిగింది చెబుతాను. డాలస్ నుంచి వచ్చిన మా మేనల్లుడి కొడుకును బెసంట్ నగర్ బీచ్‌లో కుక్క పిక్క పట్టుకుంది. ముందుగా టీకా లేదు, రక్తం వచ్చింది, కాబట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ తప్పనిసరి అన్నారు. మొదటి ఆసుపత్రిలో నిల్వ లేదు, రెండో చోట ఉంది గాని రాసిచ్చే డాక్టరు లేరు, ఇలా తిరిగి తిరిగి వేయించేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ మధ్యలో మేము చేసిన మంచి పని ఒక్కటే, సబ్బు, పారే నీళ్లతో పావుగంట సేపు గాయాన్ని కడిగాము. తరువాత ఐదు డోసులలో ఆఖరివి రెండు అమెరికాలో పడవలసి వచ్చాయి. అక్కడ నాలుగే ఇస్తామన్నారు, ఆ తేడా వాళ్ల డాక్టరుకు ఫోనులో వివరించడానికి ఒక పూట పట్టింది.

ఇంకొక తమాషా. మా కార్డులో 08/07 అని రాశారు, అంటే జులై 8. జులై నెలాఖరులో దానిని చూసిన అక్కడి నర్సు ఆగస్టు 7 అని చదువుకొని, ఇంకా రాని రోజున టీకా ఎలా వేశారని అడిగింది. దయచేసి నెల పేరును అక్షరాలలో రాయించండి.

ఫార్మసీ_పక్షి
అత్తగారు చెప్పింది ఎంత ముఖ్యమో రోజూ చూస్తుంటాను. విదేశంలో వేసిన టీకాను అమెరికాలో ఒప్పుకుంటారు, కాని నోటి మాటను ఒప్పుకోరు. రాతపూర్వకంగా తేదీ ఉండాలి, వయసూ డోసుల మధ్య ఎడమూ అక్కడి పట్టికకు సరిపడాలి. ఇంగ్లీషులో టీకా పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, వేసిన డాక్టరు సంతకం, మెడికల్ కౌన్సిల్ నమోదు సంఖ్యతో ముద్ర, ఇవన్నీ అడిగి రాయించుకోండి. సీసా మీది స్టిక్కరును కార్డులో అంటిస్తే మరీ మంచిది. తిరిగి వెళ్లాక మీ పిల్లల డాక్టరు ఆ వివరాలను రాష్ట్ర రిజిస్ట్రీలో ఎక్కిస్తారు. న్యూజెర్సీకి ఎన్‌జేఐఐఎస్, మా టెక్సాస్‌కు ఇమ్‌ట్రాక్2. రేబిస్, టైఫాయిడ్ టీకాలను బడి అడగదు, న్యూజెర్సీలో హెచ్‌పీవీనీ అడగదు, కాబట్టి బడి గురించిన మీ భయం ఈ టీకాల వరకు అక్కరలేదు.

కోరమంగళ_నాన్న
ఎవరూ అడగని మాట నేను అడుగుతాను. హెచ్‌పీవీ 14 ఏళ్ల పిల్లకు ఎందుకు? అది ఏ సంబంధం వల్ల వచ్చే వైరస్సో అందరికీ తెలుసు. పెళ్లి వయసు వచ్చాక చూసుకోవచ్చు కదా. పైగా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ఖమ్మంలో, ఇదే టీకా వేసి ఆడపిల్లలు చనిపోయారని పేపర్లలో చదివాము. మా ఇంట్లో మేము వద్దనుకున్నాము.

భద్రాద్రి_బిడ్డ
మాది భద్రాచలం, ఇప్పుడు మారతహళ్ళిలో ఉంటున్నాను. ఆ సంగతి మా జిల్లాది కాబట్టి నేను చెబుతాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఒక అధ్యయనం పేరిట హెచ్‌పీవీ టీకా వేశారు. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దానిని ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం తేల్చింది. కాని తప్పు జరగలేదని కాదు. గిరిజన వసతి గృహాలలో తల్లిదండ్రులకు తెలియకుండా వార్డెన్లే సమ్మతి పత్రాల మీద సంతకాలు చేశారు, ఏం వేస్తున్నారో ఆ పిల్లలకు సరిగా చెప్పలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీనినే తీవ్రంగా తప్పుపట్టింది. మా వాళ్లలో ఇప్పటికీ మిగిలిన కోపం అడగకుండా వేసినందుకు. ఆ కోపం న్యాయమైనదే, దానిని టీకా మీద భయంగా మార్చి చెప్పడం మాత్రం న్యాయం కాదు.

తెల్లకోటు
భద్రాద్రి బిడ్డ గారు చెప్పినదానికి నేను కలిపేది కొంచెమే. వైరస్ సోకకముందు వేస్తేనే ఈ టీకా పనిచేస్తుంది, సోకిన తరువాత ఉన్నదానిని తొలగించదు. చిన్న వయసులో శరీరం ఎక్కువ బలంగా స్పందిస్తుంది కాబట్టే 15 లోపు రెండు డోసులు చాలుతున్నాయి. పెళ్లి దాకా ఆగితే ఒక డోసు ఎక్కువ, రక్షణ తక్కువ. మన దేశంలో ఏటా 1,20,000 మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బయటపడుతోంది, వారిలో చాలామంది పెళ్లికి ముందు ఎటువంటి సంబంధమూ లేని గృహిణులే. ఇది అమ్మాయిల సంగతి ఒక్కటే కూడా కాదు. అమెరికాలో 2011 నుంచి అబ్బాయిలకూ సిఫారసు చేస్తున్నారు. శారద గారూ, మీ బాబుకు అయిందా?

కోరమంగళ_నాన్న
నా అభిప్రాయం ఇంకా పూర్తిగా మారలేదు, కాని ఖమ్మం విషయంలో నాకు తెలిసినది సగమేనని ఒప్పుకుంటాను. మా డాక్టరుతో మరొకసారి మాట్లాడతాము.

ఎడిసన్_శారద
బాబుకు 12 ఏళ్లకే రెండు డోసులూ అయ్యాయి. పాపకు కోవిడ్ తరువాత ఏటా చేయించే పరీక్షలు తప్పిపోయి ఇది వెనకబడింది. మెనింజైటిస్ రెండో డోసు బాబుకు బాకీ ఉంది, అది ఇక్కడే వేయిస్తాను. సమ్మతి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, మేము లేనప్పుడు అత్తగారు సంతకం చేస్తే సరిపోతుందా?

మల్లేశ్వరం_మామ్మ
నానమ్మ సంతకానికి విలువ లేకపోతే ఇంకెవరి సంతకానికి ఉంటుంది?

తెల్లకోటు
ఉంటుంది మామ్మగారూ, కాని వెనుక తల్లిదండ్రుల మాట ఉండాలి. పిల్లలు 18 లోపు కాబట్టి నేనైతే తల్లి లేదా తండ్రి రాసి సంతకం చేసిన లేఖ అడుగుతాను: పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఏయే టీకాలకు సమ్మతిస్తున్నారు, ఎవరు తీసుకువస్తున్నారు, గుడ్డు, మందులు వంటివి పడకపోవడం ఉందా, ఫోను నంబరు. దానితో పాటు పాస్‌పోర్టు నకలు, అమెరికా టీకా రికార్డు ముద్రణ. ఇవి పెట్టుకొని వచ్చిన నానమ్మను ఏ క్లినిక్కూ వెనక్కి పంపదు. 16 ఏళ్ల కుర్రవాడికి కూడా ఏం వేస్తున్నామో చెప్పి అడగండి, చేయి అతనిది.

ముళబాగిలు_మావయ్య
మా ఊరి పేరు కనబడింది కాబట్టి దిగుతున్నాను. మెదడువాపును తేలికగా తీసుకోకండి. కోలారు జిల్లా ఆ జబ్బుకు పాత చిరునామా. భారత్ బయోటెక్ వారి జెన్‌వ్యాక్ అనే మెదడువాపు టీకాను తయారు చేసిందే 1980ల మొదట్లో కోలారులో రోగి నుంచి తీసిన వైరస్ రకంతో. ఈ సంగతి మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. కేసీ వ్యాలీ పథకంలో బెంగళూరులో శుద్ధి చేసిన మురుగునీళ్లు 2018 నుంచి మా జిల్లా చెరువులకు వస్తున్నాయి. ఒకప్పుడు ఎండిపోయి క్రికెట్ ఆడిన చెరువుల్లో ఇప్పుడు ఏడాది పొడవునా నీళ్లున్నాయి, దోమలూ అంతే ఉన్నాయని ఊరంతా అంటుంది.

ప్రశ్నార్థకం
అంటే కొన్నాళ్ల కోసం ఊరికి పోయే పిల్లలకు కూడా వేయించాలంటారా? ఇంత చిన్న మకాముకు అది అతి అని నాకనిపిస్తోంది.

తెల్లకోటు
ఇది నిజంగా బేరీజు వేసుకోవలసిన టీకా. ఈ వైరస్ పందుల్లో, కొంగజాతి పక్షుల్లో పెరిగి, వరి మళ్లలో పుట్టే దోమల ద్వారా మనుషులకు వస్తుంది. సోకినవారిలో చాలామందికి ఏమీ కాదు, కాని జబ్బుగా మారిన కొద్దిమందిలో ప్రాణమో, మెదడో దెబ్బతింటుంది. వ్యాపించే ప్రాంతంలో నెలకు మించి ఉండేవారికి వేయమనీ, తక్కువ రోజులైనా పల్లెల్లో పొలాల మధ్య ఎక్కువగా గడిపేవారికి ఆలోచించమనీ అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెబుతుంది. జయనగర్‌లోనే ఉండేవారైతే నేను అవసరం లేదనేవాడిని. ఊళ్లో మడి పక్కనే ఇల్లు, సాయంత్రం బయట మంచాల మీద పడక అయితే వేయించమంటాను. జెన్‌వ్యాక్ రెండు డోసులకు మధ్య నాలుగు వారాలు కావాలి కాబట్టి జూన్ చివర దిగగానే ఒకటి వేయించి, ఊరి ప్రయాణాన్ని ఆగస్టుకు మార్చగలిగితే రెండోది కూడా ముందే పడుతుంది. టీకా ఉన్నా దోమతెర, పొడుగు చేతుల చొక్కా తప్పవు, ఎందుకంటే ఆ టీకా డెంగ్యూను ఆపదు, వానాకాలం బెంగళూరులో ఎక్కువ భయపడవలసింది దానికే.

ముళబాగిలు_మావయ్య
ఆగస్టుకు మార్చండి. అప్పటికి మామిడికాయ ఉండదు గాని టమాటా మాత్రం కావలసినంత.

వైట్‌ఫీల్డ్_విశాల
మాది తిరుగు దిశ. మా వారికి సియాటిల్ బదిలీ అయింది, పిల్లలు 12, 15 ఏళ్లవారు, ఇద్దరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో టీకాలన్నీ పడ్డాయి. అక్కడి బడివారు మళ్లీ కొన్ని వేయించమంటున్నారు. ఇక్కడివి చెల్లవని అర్థమా?

ఫార్మసీ_పక్షి
చెల్లనివి కావు, కొన్ని లేనివి. ఇండియాలో ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చేది తట్టు, రుబెల్లా టీకా. గవదబిళ్లలు అందులో లేవు, అమెరికాలో మూడూ కలిసిన ఎమ్‌ఎమ్‌ఆర్ రెండు డోసులు కావాలి. తొమ్మిదో నెలలో వేసిన డోసు లెక్కలోకి రాదు, మొదటి పుట్టినరోజు తరువాతివే లెక్క. పదేళ్లకు ఇండియాలో ఇచ్చేది ధనుర్వాతం, డిఫ్తీరియాలకు వేసే టీడీ, అమెరికాలో కోరింత దగ్గు కూడా కలిసిన టీడాప్ అడుగుతారు, బూస్ట్రిక్స్, అడాసెల్ అనే పేర్లతో బెంగళూరులో దొరుకుతుంది. ఆటలమ్మకు రెండు డోసులు. పోలియో చుక్కలలో 2016 ఏప్రిల్ 1కి ముందు వేసినవి లెక్కిస్తారు, ఆ తరువాతివి రెండు రకాల వైరస్‌కే కాబట్టి లెక్కించరు. ఎమ్‌ఎమ్‌ఆర్, ఆటలమ్మ టీకాలు రెండూ ఒకే రోజున వేయించండి, లేకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి. పెద్దవాడు రేపు టెక్సాస్‌లో కాలేజీకి వెళితే మెనింజైటిస్ టీకా తరగతులు మొదలయ్యే ముందు కనీసం 10 రోజులకు పడి ఉండాలన్నది అక్కడి చట్టం.

వైట్‌ఫీల్డ్_విశాల
ఆఖరి నిమిషంలో తెలిసి ఉంటే చచ్చేవాళ్లం. రేపే పిల్లల కార్డులు బయటికి తీస్తాను.

కాక్స్‌టౌన్_క్రిష్
2021 వేసవిలో మా అబ్బాయి షికాగోలో మా అక్క దగ్గర ఉండగా, 12 దాటినవారికి అక్కడ ఫైజర్ మొదలైంది, రెండు డోసులూ వేయించుకొని వచ్చాడు. ఇక్కడ 15 నుంచి 18 ఏళ్లవారికి 2022 జనవరి 3న కోవాక్సిన్‌తో మొదలుపెట్టినప్పుడు బడివారు కోవిన్ ధ్రువపత్రమే కావాలన్నారు. అమెరికా తెల్ల కార్డు చూపిస్తే అది బస్సు పాసులా ఉందన్నారు. అందుకే చెబుతున్నాను, ఏ దేశంలో వేయించినా అసలు కాగితం, దాని ఫొటో, రెండూ దాచండి.

ఫార్మసీ_పక్షి
ఒక్క మాట మరిచాను. కొన్ని చిన్న క్లినిక్‌లలో మందుల దుకాణం నుంచి టీకా మీరే కొనుక్కురమ్మంటారు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఎండలో, ఆటోలో, సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఒడిలో పెట్టుకు కూర్చుంటే దానికి ఏమవుతుందో ఊహించుకోండి. సొంత ఫ్రిజ్‌లో నిల్వ ఉంచే క్లినిక్‌కే వెళ్లండి, సీసాను మీ ముందే తెరవమనండి, గడువు తేదీ మీరే చదవండి.

హెచ్ఎస్ఆర్_హరి
వేయించుకున్నాక పావుగంట కూర్చోమంటే కూర్చోబెట్టండి కూడా. ఆరడుగుల మా మేనల్లుడు సూది తీసేవరకు వీరుడిలా ఉండి, లేచి నాలుగు అడుగులు వేసి రిసెప్షన్ మీద వాలిపోయాడు. వాడి చెల్లెలు మాత్రం ఆ వీడియో తీసింది.

తెల్లకోటు
ఆ వయసులో ఇది మామూలే, టీకా చెడ్డదని కాదు. ఏదైనా తిని రమ్మనండి, కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి వేయమనండి.

ఎడిసన్_శారద
మా వారితో, అత్తగారితో మాట్లాడి ఇలా అనుకున్నాము. హెచ్‌పీవీ మొదటి డోసు, బాబుకు మెనింజైటిస్, ఇద్దరికీ టైఫాయిడ్ ఇక్కడే వేయించి పంపుతాము. రేబిస్ మూడు డోసులు జయనగర్‌లో, దిగిన రెండో రోజు నుంచి. మెదడువాపు మొదటి డోసు కూడా ఆ రోజే, ఊరి ప్రయాణం ఆగస్టుకు మార్చాము. సమ్మతి లేఖ రాసి నోటరీ చేయిస్తున్నాను, ఎవరూ అడగకపోయినా సరే. ఒక్క సందేహం మిగిలింది. ఏడో రోజున పిల్లలను మైసూరు తీసుకుపోవాలని మా ఆడపడుచు పట్టుబడుతోంది. రేబిస్ రెండో డోసు ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే మొదటినుంచీ మొదలుపెట్టాలా?

తెల్లకోటు
అక్కరలేదు. ఆలస్యమైన డోసు ఆలస్యంగా వేసుకుంటే చాలు, ముందుకు జరపకూడదు. కార్డు వెంట ఉంటే మైసూరులోనే ఏ పిల్లల క్లినిక్‌లోనైనా వేయించవచ్చు. బ్రాండు ఒకటే అయితే మంచిది, దొరకకపోతే మారినా ఫరవాలేదు.

మల్లేశ్వరం_మామ్మ
మైసూరులో జంతుప్రదర్శనశాలకు మాత్రం రెండో డోసు పడ్డాకనే తీసుకువెళ్లమనండి.